మూసీ నుండి గండిపేటకు: హైదరాబాదు విహార చరిత్రలో నది స్థానం

మూసీ నదిని గురించిన చారిత్రక రచన ప్రధానంగా రెండు ఘట్టాల చుట్టూ తిరుగుతున్నది. ఒకటి 1908 నాటి వరద, రెండవది నేటి కాలుష్యం. ఈ రెండింటి మధ్య ఒక విషయం దాదాపుగా మరుగున పడిపోయింది. నగరవాసికి నది నిత్య జీవితంలోని ఒక చిన్న సంతోషం కూడా. వంతెన మీద ఆగి నీటిని చూడడం, ఇసుకలో నడవడం, పశువులు నీట మునగడాన్ని గమనించడం వంటివి శాసనాలకు గాని, పాలనా నివేదికలకు గాని ఎక్కే విషయాలు కావు. అయినా నగర చరిత్రలో వాటికి స్థానం ఉన్నది. వరద నుండి నగరాన్ని కాపాడిన నిర్మాణాలే ఈ సంతోషాన్ని నది ఒడ్డు నుండి తొలగించి, ఎగువనున్న జలాశయాలకు తరలించాయి. నడకకు అందుబాటులో ఉన్న ఆనందం ఆ క్రమంలో ప్రయాణంగా మారింది.

అనంతగిరి కొండలలో పుట్టి వాడపల్లి వద్ద కృష్ణలో కలిసే మూసీ సహజంగా జీవనది కాదు. వానాకాలం దాటితే విశాలమైన ఇసుక గర్భంలో సన్నని పాయలుగా పారే నది అది. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో కట్టిన పురానాపూల్ వయస్సు చార్మినార్ కంటే పదమూడేళ్ళు ఎక్కువ. అంటే నగరం కంటే ముందు వంతెన వచ్చింది. పదిహేడవ శతాబ్దిలో గోలకొండను దర్శించిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ ఈ వంతెన అందాన్ని పారిస్‌లోని పాంట్ నఫ్ వంతెనతో పోల్చదగినదిగా పేర్కొన్నాడు. నదిపై కట్టడం ఒక దర్శనీయ విషయంగా నమోదు కావడం ఇక్కడ గమనించదగినది. అయితే ఈ దృశ్యాన్ని కేవలం రమణీయంగా ఊహించుకోవడం పొరపాటు. వంతెన మీద నిలిచినవాడికి కనిపించే చాకిరేవు అక్కడ బట్టలుతికేవారికి బతుకుతెరువు. చూసేవాడి తీరికకూ, పనిచేసేవాడి శ్రమకూ ఒకే నీరు ఆధారమైంది.

1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద ఈ సంబంధాన్ని ఒక్కరోజులో తలక్రిందులు చేసింది. మృతుల సంఖ్యను సాధారణంగా 15,000 వరకు చెబుతారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆ వరదలోనే కోల్పోయాడు. అఫ్జల్‌గంజ్ వద్ద ఒక చింతచెట్టు పైకి ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని ప్రసిద్ధి. ఆ చెట్టు నేటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది. ఆ తరువాత నగరవాసి నదిని చూసిన చూపులో భయం చేరడం సహజమే.

1909లో నిజాం ప్రభుత్వం ఆహ్వానించగా వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఎగువన జలాశయాలు నిర్మించాలని సూచించాడు. నగరంలో ఒడ్డులను ఎత్తు చేసి, వాటి వెంట జనం నడవడానికి విహార మార్గాలు ఏర్పరచాలన్నది కూడా ఆయన ప్రతిపాదనలలో ఉన్నది. ఈ రెండవ అంశాన్ని పరిశోధకులు అంతగా పట్టించుకోలేదు. ఆయన దృష్టిలో వరద నివారణ, విహారం పరస్పర విరుద్ధాలు కావు. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి కాలంలో తీరం రూపురేఖలు మారాయి. హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి భవనాలు వరుసగా వెలిశాయి. అయితే కోర్టుకో ఆసుపత్రికో వచ్చేవాడు విహారి కాడు. పైగా మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసాపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాక, గోడల నడుమ చూడవలసిన నీరు చాలావరకు ఎగువనే నిలిచిపోయింది. విహార మార్గం ఉన్నా విహరించడానికి నది లేదు!

ఆ నీరు నిలిచిన చోటికే విహారమూ వెళ్ళింది. ఉస్మాన్‌సాగర్‌ను జనం గండిపేట అనే పిలుస్తారు. దాని ఒడ్డున నిజాం వేసవి విడిదిగా సాగర్ మహల్ వెలసింది. కాలక్రమంలో సామాన్య కుటుంబాలు కూడా సెలవు రోజున భోజనం కట్టుకుని వెళ్ళే చోటుగా గండిపేట స్థిరపడింది. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదు విడిచిపోలేడన్న నానుడి ఆ అభిమానానికి గుర్తు. కాని ఇది పాతనగరానికి ఇరవై కిలోమీటర్ల దరిదాపు దూరం. నిజాం ప్రభుత్వ రవాణా శాఖ 1932లో బస్సులు ప్రారంభించినప్పుడు వాటి సంఖ్య 27 మాత్రమే. వాహనం, సెలవు, కొంత డబ్బు ఉన్నవారికే ఈ ఆనందం చాలాకాలం పరిమితమై ఉండాలి. వంతెన మీద నిలబడి చూడడానికి ఇవేవీ అవసరం లేదు.

జంతువులు, పక్షుల విషయంలోనూ ఇటువంటి తరలింపే జరిగింది. 1963లో మీర్ ఆలం చెరువు పక్కన నెహ్రూ జంతు ప్రదర్శనశాల ప్రారంభమైంది. నగరానికి తాగునీరిచ్చే మంజీరా జలాశయ ప్రాంతం మొసళ్ళ రక్షణ కోసం 1978లో అభయారణ్యమైంది. వన్యప్రాణిని చూడాలంటే టిక్కెట్టు కొనడమో, ఊరు దాటడమో చేయాలన్న భావన స్థిరపడింది.

విచిత్రమేమిటంటే ఇదే కాలంలో నగరం దిగువన మూసీ మరొక రూపం దాల్చింది. మురుగునీరు ఏడాది పొడవునా పారడంతో వానాకాలపు నది జీవనదిగా మారింది! నాగోలు దాటిన తరువాత ఆ నీటితో ఒడ్డున పశువుల మేతకు పారా గడ్డి పెంచుతున్నారు. గేదెల చుట్టూ కొంగలు, లోతులేని నీటిలో పొడవుకాళ్ళ ఉల్లంకులు, పైన గ్రద్దలు కనిపిస్తాయి. ఇన్ని పక్షులు ఉండడాన్ని నది ఆరోగ్యానికి సాక్ష్యంగా తీసుకోరాదు. కాలుష్యాన్ని తట్టుకోగల జీవులే అక్కడ వృద్ధి చెందాయని, స్వచ్ఛమైన ప్రవాహాన్ని కోరేవి తొలగిపోయాయని అర్థం చేసుకోవాలి. అయినా నది నిర్జీవమన్న వాడుక మాట కూడా అంతే అసత్యం. ఆ పక్షులను రోజూ చూసేవారు గడ్డి కోసేవారే. వారి పరిశీలనను నమోదు చేసిన రచన అరుదు.

నదితో పాత సంబంధం పూర్తిగా తెగలేదనడానికి ఆచారాలు నిదర్శనం. మొహర్రం నాడు ఏనుగుపై సాగే బీబీ కా ఆలం ఊరేగింపు చాదర్‌ఘాట్ వద్ద ముగుస్తుంది. పాతనగర బోనాలలో అక్కన్న మాదన్న ఆలయ ఘటం కూడా ఏనుగుపైనే నయాపూల్ చేరి మూసీలో నిమజ్జనమవుతుంది. రెండు మతాల వేడుకలు ఒకే నదికి ఏనుగును తీసుకొని రావడం యాదృచ్ఛికం కావచ్చు, కాని ఆ రోజు మూసీ ఒడ్డు మళ్ళీ జనం చేరే చోటవుతుంది.

జంట జలాశయాల రక్షణకు 1996లో వెలువడిన 111 జీవో పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాలలో నిర్మాణాలను కట్టడి చేసింది. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలించింది. ఇందుపై జరిగిన వాదమంతా తాగునీరు, భూమి విలువ, వరద అన్న అంశాల మీదనే సాగింది. ఒక శతాబ్దంగా నగరం తన నదిని చూడడానికి వెళుతున్న చోటు అదేనన్న సంగతి వాదంలో ముఖ్యాంశం కాలేదు. భారీ వానలకు జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మాత్రం జనం గట్టు మీదికీ, పురానాపూల్ మీదికీ కుటుంబాలతో వచ్చి పారే నీటిని చూస్తారు. పోలీసులు వారిని వెనక్కు పంపుతారు. నాలుగు రోజులలో గేట్లు దిగుతాయి.