కార్లలో ఈవాప్ వ్యవస్థ: లోపనిర్ధారణ, మరమ్మతు

పెట్రోల్ ట్యాంకులో పుట్టే ఆవిరిని బయటి గాలిలో కలవనీయకుండా పట్టి ఉంచి, తర్వాత ఇంజన్‌లో మండించే ఏర్పాటును బాష్పోద్గార నియంత్రణ వ్యవస్థ అంటారు. మెకానిక్‌ల నోట అది ఈవాప్. డీజిల్ అంత సులువుగా ఆవిరి కాదు కాబట్టి డీజిల్ బండ్లకు దీని అవసరం లేదు. ఈవాప్‌లో లోపం వచ్చినా కారు ఆగదు, చాలాసార్లు నడకలో తేడా కూడా తెలియదు. డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజన్ దీపం ఒక్కటే వెలుగుతుంది. దీంతో మరమ్మతు పేరిట ఊహ మీద భాగాలు మార్చడం ఈ వ్యవస్థ విషయంలో మామూలైపోయింది. స్కానర్ చూపే కోడ్ ఏ పరీక్ష తప్పిందో చెబుతుంది, ఏ భాగం పాడైందో చెప్పదు. ఈ తేడా పట్టించుకోనందుకే యజమానికి ఎక్కువ డబ్బు వదులుతుంది.

పుట్టుక

లాస్ ఏంజెలెస్ నగరాన్ని కమ్మేసే పొగమంచు ఎలా పుడుతోందో కాల్‌టెక్ రసాయన శాస్త్రవేత్త ఆరీ హాగెన్-స్మిట్ 1950ల తొలినాళ్లలో తేల్చారు. మండని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో చర్య జరిపి ఓజోన్‌ను పుట్టిస్తాయి. ఆ హైడ్రోకార్బన్లు సైలెన్సర్ నుంచే కాదు, ఎండలో నిలిపి ఉంచిన కారు ట్యాంకు నుంచీ వస్తాయి. కాలిఫోర్నియా 1970 మోడళ్ల నుంచి, అమెరికా మొత్తం 1971 మోడళ్ల నుంచి ఆవిరి నియంత్రణను తప్పనిసరి చేశాయి. 1996 నుంచి అక్కడి కార్లకు ఓబీడీ-2 స్వీయ పరీక్ష వచ్చింది. ఒక మిల్లీమీటరు వ్యాసమున్న రంధ్రాన్ని కారే కనిపెట్టాలన్నది తొలి నియమం. 2000 మోడళ్ల నుంచి దశలవారీగా అది అర మిల్లీమీటరుకు దిగింది.

పనితీరు

ట్యాంకులోని ఆవిరి గొట్టం గుండా కానిస్టర్ అనే డబ్బాలోకి వెళ్తుంది. అందులోని ఉత్తేజిత బొగ్గు పలుకులు ఆవిరిని తమ రంధ్రాల్లో పట్టి ఉంచుతాయి. ఇంజన్ వేడెక్కాక కంప్యూటర్ పర్జ్ వాల్వ్‌ను తెరుస్తుంది. ఇన్‌టేక్ వైపు ఉండే పీల్పుకు కానిస్టర్‌లోని ఆవిరి ఇంజన్‌లోకి పోతుంది, దాని చోట వెంట్ వాల్వ్ గుండా బయటి గాలి వస్తుంది. మామూలు స్థితిలో పర్జ్ వాల్వ్ మూసి, వెంట్ వాల్వ్ తెరిచి ఉంటాయి. పాడైన వాల్వ్‌ను గుర్తించేటప్పుడు ఈ ఒక్క సంగతి తిరగేసి గుర్తుపెట్టుకుంటే నిర్ధారణ మొత్తం తారుమారవుతుంది.

స్వీయ పరీక్షలో కంప్యూటర్ వెంట్‌ను మూసి, పర్జ్‌ను తెరిచి ట్యాంకులో కొద్దిపాటి శూన్యం కల్పిస్తుంది. ఆ తర్వాత పర్జ్‌నూ మూసి పీడన సెన్సార్‌ను గమనిస్తుంది. శూన్యం అసలు ఏర్పడకపోతే పెద్ద లీకు, ఏర్పడి త్వరగా తగ్గిపోతే చిన్న లీకు. కొన్ని కంపెనీలు వేరే దారి పట్టాయి. టొయోటా కార్లు చాలావాటిలో ఇంజన్ ఆపిన సుమారు 5 గంటలకు ఒక చిన్న పంపు దానంతటదే తిరిగి పరీక్ష చేస్తుంది. అర్ధరాత్రి నిలిపిన కారులోంచి సన్నని రొద వినిపిస్తోందని కంగారుపడేవారికి చెప్పవలసిన సమాధానం తరచూ ఇదే.

ఈ పరీక్ష ఎప్పుడు పడితే అప్పుడు జరగదు. ఇంజన్ రాత్రంతా చల్లబడి ఉండాలి. ట్యాంకులో పెట్రోల్ సుమారు 15 నుంచి 85 శాతం మధ్య ఉండాలి. చాలా కార్లలో బయటి ఉష్ణోగ్రత దాదాపు 4 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ లోపు ఉండాలి. పైగా వరుసగా రెండు పరీక్షలు తప్పితేనే సాధారణంగా దీపం వెలుగుతుంది. అంటే దీపం కనిపించిన రోజుకీ, లోపం మొదలైన రోజుకీ మధ్య వారాలు గడిచి ఉండవచ్చు.

కోడ్‌లు

పి0455 అంటే పెద్ద లీకు, పి0442 చిన్న లీకు, పి0456 అతి చిన్న లీకు. ట్యాంకు మూత వదులుగా ఉందన్న అనుమానానికి పి0457 వస్తుంది. పి0441 పర్జ్ ప్రవాహంలో తేడాను, పి0496 అవసరం లేనప్పుడూ ప్రవాహం సాగడాన్ని సూచిస్తాయి. పి0443 పర్జ్ వాల్వ్ విద్యుత్ వలయానికి, పి0446 వెంట్ నియంత్రణకు సంబంధించినవి.

ఈ వరుసలో ఏది కనిపించినా ముందు కొత్త మూత కొనమనే సలహా వస్తుంది. పి0457, పి0455 విషయంలో అది పనికిరాని సలహా కాదు. మూత రబ్బరు వాషర్ పగిలిందేమో చూసి, టిక్‌మనే దాకా బిగించడానికి ఖర్చేమీ లేదు. పి0496కు మాత్రం మూతతో సంబంధమే లేదు.

నిర్ధారణ

ముందు కోడ్‌నూ, అది నమోదైన క్షణంలోని ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలనూ రాసుకోవాలి. స్కానర్ పెట్టగానే కోడ్ చెరిపేసే అలవాటు వల్ల ఆ ఆనవాళ్లు పోతాయి. తర్వాత కళ్లతో చూడగలిగినంతా చూడాలి: బీటలు వారిన గొట్టాలు, ఊడిన క్లిప్పులు, ఎలుకలు కొరికిన చోట్లు. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే మిషిగన్, ఒహాయో లాంటి రాష్ట్రాల్లో పెట్రోల్ పోసే గొట్టం తుప్పుపట్టి చిల్లులు పడటం సాధారణం. ఈమధ్యే ఇంధన పంపు మార్చారని తెలిస్తే పంపు పైన ఉండే ఓ-రింగ్‌నే మొదట అనుమానించాలి.

పర్జ్ వాల్వ్ పరీక్ష సులువు. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా కానిస్టర్ వైపు గొట్టం ఊడదీసి వేలు అడ్డం పెడితే, వాల్వ్ మూసి ఉండవలసిన సమయంలో పీల్పు తగలకూడదు. తగిలితే వాల్వ్ తెరుచుకుపోయి బిగుసుకున్నట్టే. పెట్రోల్ కొట్టించిన వెంటనే కారు స్టార్ట్ కాక మొరాయించడం, ఐడ్లింగ్‌లో ఊగిసలాడటం కూడా దీని గుర్తులే. ఇక్కడ ఆగకూడదు. బొగ్గు పలుకులు వచ్చి వాల్వ్‌లో ఇరుక్కున్నాయేమో చూడాలి. ఇరుక్కుంటే అసలు రోగం కానిస్టర్‌ది. కొత్త వాల్వ్ కూడా త్వరలోనే అదే దారి పడుతుంది.

అంత సులువుగా దొరకని లీకులకు స్మోక్ మెషీన్ వాడతారు. సైకిల్ ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగల కోసం చూసినట్టే, ఇక్కడ పొగ ఎక్కడ లేస్తుందో చూస్తారు. స్కానర్‌తో ఆజ్ఞ ఇచ్చి వెంట్ వాల్వ్‌ను మూసి, ఖనిజ తైలం పొగను సుమారు 3 కిలోపాస్కల్‌ల పీడనంతో పంపుతారు. టైరులోని పీడనంలో ఇది దాదాపు 70వ వంతు. వర్క్‌షాపు కంప్రెసర్‌ను నేరుగా తగిలిస్తే ట్యాంకు చీలవచ్చు. అది చీలకపోయినా, ఆవిరితో గాలి కలిస్తే నిప్పురవ్వ కోసం ఎదురుచూసే మిశ్రమం తయారవుతుంది. నైట్రోజన్ గానీ కార్బన్ డయాక్సైడ్ గానీ వాడటమే భద్రం. లోపలంతా పొగ నిండేదాకా ఆగి, ప్రకాశవంతమైన టార్చి వేసి చూడాలి. అర మిల్లీమీటరు రంధ్రం నుంచి పొగ గుప్పున రాదు.

వెంట్ వైపు దారి మూసుకుపోవడం మరో తరహా లోపం. దుమ్ము, బురద మామూలు కారణాలు. అసాధారణ కారణానికి మాజ్డా కంపెనీ ఉదాహరణ: పెట్రోల్ వాసనకు ఆకర్షితమయ్యే పసుపు రంగు సాలీడు వెంట్ గొట్టంలో గూడు అల్లుతోందని 2011లోనూ, మళ్లీ 2014లోనూ మాజ్డా 6 కార్లను వెనక్కి పిలిచింది. గాలి లోపలికి రాక ట్యాంకులో శూన్యం పెరిగి, ట్యాంకు పగిలే ప్రమాదం ఉందన్నది అందుకు కారణం.

మరమ్మతు తర్వాత

కోడ్ చెరిపేస్తే స్వీయ పరీక్షల ఫలితాలన్నీ చెరిగిపోతాయి. కాలిఫోర్నియా స్మాగ్ తనిఖీకి ముందురోజు దీపం ఆర్పించుకుని వెళ్లేవారు నెగ్గరు. మిగతా పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని యంత్రమే చెప్పేస్తుంది. 2000, ఆ తర్వాతి పెట్రోల్ మోడళ్లకు మాత్రం ఈవాప్ పరీక్ష ఒక్కటి పూర్తి కాకపోయినా అక్కడ పర్వాలేదు. అది పూర్తవడానికి రోజులు పడుతుందని నియమం రాసినవారికీ తెలుసు. అక్కడి తెలుగువారు ఈ సడలింపును గుర్తుంచుకుంటే, మరమ్మతు చేయించాక ఇంకో భాగం మార్చాలంటూ వచ్చే ఒత్తిడికి తలొగ్గనక్కర్లేదు.

కానిస్టర్‌ను పాడుచేసేది ఎక్కువగా పెట్రోల్ బంకులోని అలవాటే. నాజిల్ ఆటో కట్ అయ్యాక కూడా రౌండ్ ఫిగర్ కోసం పోయించుకుంటే, ఆవిరి వెళ్లాల్సిన దారిలో ద్రవ పెట్రోల్ వెళ్లి బొగ్గును తడిపేస్తుంది. అలా నానిన కానిస్టర్‌ను ఎండబెట్టి మళ్లీ వాడటం కంటే మార్చడమే మేలు.

భారతదేశంలో

ఇక్కడ బీఎస్-6 పెట్రోల్ కారును మూసిన గదిలో ఉంచి పరీక్షించినప్పుడు 2 గ్రాములకు మించి ఆవిరి రాకూడదు. బీఎస్-4తో ద్విచక్ర వాహనాలకూ ఆవిరి పరిమితి వచ్చింది. స్కూటర్లకు కానిస్టర్ అప్పుడే చేరింది. అది అనవసరమని గొట్టం పీకి బిరడా బిగిస్తే, గాలి ఆడే దారి కూడా మూసుకుపోయి బండి మధ్యలో ఆగిపోవచ్చు.

ఐరోపా నియమాలను అనుసరించే మన ఓబీడీ, పర్జ్ వాల్వ్ విద్యుత్ వలయం తెగిందా లేదా చూస్తే చాలంటుంది; ట్యాంకులో శూన్యం కల్పించి రంధ్రం వెతకమనదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో స్కానర్ ఏ కోడూ చూపనంత మాత్రాన లీకు లేదని అనుకోకూడదు. కారు దగ్గర పెట్రోల్ వాసన వదలకపోతే, ముందు ద్రవ పెట్రోల్ ఎక్కడైనా కారుతోందేమో చూసి, ఆ తర్వాత స్మోక్ పరీక్ష చేయించాలి.