బిడ్డ యాతన, తల్లి నేరం

పుట్టిన రెండు మూడు రోజులకి ఆ బిడ్డ ఏడుపు మారుతుంది. కీచుగొంతుతో గుక్కపట్టి ఏడుస్తుంది. కాళ్ళూ చేతులూ వణుకుతాయి. పాలు సరిగా తాగలేదు, నిద్రపోదు. కడుపులో ఉన్నప్పుడు తల్లి రక్తం ద్వారా అందిన మార్ఫినో, హెరాయినో, మెథడోనో హఠాత్తుగా ఆగిపోతే పడే యాతన అది. దాన్ని వ్యసనం అనకూడదు. అలవాటు పడిన మందు ఆ చిన్న శరీరానికి అందకుండా పోయింది, అంతే.

కొన్ని వారాల్లో ఆ యాతన తగ్గుతుంది. ఆ తరవాత? బడికెళ్ళే వయసుకి ఆ పిల్లలు ఎలా ఉంటారు? ఈ విషయం చదవడం మొదలుపెట్టినప్పుడు నా మనసులో ముందు మెదిలింది మాత్రం ఈ ప్రశ్న కాదు. "అదేం తల్లి?" అనుకున్నాను. ఆ మాట నా నోటికి అంత సులువుగా ఎలా వచ్చిందో తెలుసుకోవాలని అమెరికా చరిత్ర తిరగేశాను.

19వ శతాబ్దపు అమెరికాలో నల్లమందుకీ మార్ఫిన్‌కీ అలవాటు పడినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. వాళ్ళలో చాలామంది కలిగిన ఇళ్ళ ఇల్లాళ్ళు. బహిష్టు నొప్పికీ, నరాల బలహీనతకీ డాక్టర్లే ఆ మందు ఇచ్చేవారు. వాళ్ళకి పుట్టిన పిల్లల యాతన గురించి 1875 నాటికే వైద్యులు రాశారు. అప్పుడామె రోగి. 1914లో హారిసన్ చట్టం వచ్చాక మందు దొంగబజారుకి చేరింది, ఆమె నేరస్తురాలైంది. మందు మారలేదు. ఆమె వర్గం మారింది, ఆమెని చూసే చూపు మారింది.

1975లో ఫిలడెల్ఫియా డాక్టర్ లొరెట్టా ఫినెగన్ ఈ పసివాళ్ళ లక్షణాలకి మార్కులు వేసే పట్టిక ప్రచురించింది. దాంతో వైద్యం ఒక పద్ధతికి వచ్చింది. పెద్దయ్యాక ఏమవుతారన్నది మాత్రం తేలలేదు.

జెరూసలేంలో ఆషెర్ ఓర్నోయ్ బృందం 1996లోనూ, 2001లోనూ ప్రచురించిన అధ్యయనాల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. హెరాయిన్‌కి అలవాటు పడిన తల్లుల పిల్లల్లో పసితనంలోనే దత్తత వెళ్ళినవాళ్ళ తెలివితేటలు దాదాపు మామూలుగానే ఉన్నాయి. పుట్టినింట పెరిగినవాళ్ళు వెనకబడ్డారు. అయితే పిల్లల్ని తల్లి నుంచి లాగేసుకోవాలనా అర్థం? ఆ పరిశోధకులే ఇంకో రెండు గుంపుల పిల్లల్ని కూడా చూశారు. తల్లి కాక తండ్రి హెరాయిన్ తీసుకునే ఇళ్ళలో పెరిగిన పిల్లలూ వెనకబడ్డారు. ఏ మందూ ఎరగని కటిక పేదరికంలో పెరిగిన పిల్లలూ వెనకబడ్డారు. తండ్రి అలవాటు గర్భంలోకి పోదు కదా! ఇంటి పరిస్థితి పిల్లల మీద ఎంతగా పనిచేస్తుందో అక్కడ కనిపించింది.

అలాగని మందు ప్రభావం ఏమీ ఉండదంటే అబద్ధమే అవుతుంది. దత్తత వెళ్ళిన పిల్లల్లో కూడా ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం ఎక్కువగానే కనిపించాయి. ఆస్ట్రేలియాలో న్యూసౌత్‌వేల్స్ పిల్లల బడి మార్కులతో 2017లో వచ్చిన అధ్యయనంలో, పుట్టగానే ఈ యాతన పడిన పిల్లలు మూడో తరగతికే వెనకబడి ఉన్నారు. ఏడో తరగతికి ఆ దూరం ఇంకా పెరిగింది. తల్లిదండ్రుల చదువు ఎక్కువగా ఉన్నచోట ఆ ముప్పు తగ్గింది. అమెరికాలోని టెనెసీలో 2018 అధ్యయనం ప్రకారం ఇలాంటి పిల్లల్లో నూటికి 15 మందికి పైగా బడిలో ప్రత్యేక సహాయం అవసరమైంది. మిగతా పిల్లల్లో అది 11 మందికి పైగా. తేడా ఉంది, నిజమే. కానీ ఆ పిల్లల్లో ఎక్కువమందికి అలాంటి సహాయం అవసరం పడలేదన్నదీ నిజమే.

ఆ టెనెసీయే 2014లో ఒక చట్టం తెచ్చింది. గర్భంతో ఉండగా మత్తుమందు వాడి, దానివల్ల బిడ్డ యాతనతో పుడితే, తల్లి మీద దాడి కేసు పెట్టొచ్చు. చికిత్స పూర్తిచేస్తే తప్పించుకోవచ్చన్నారు. గర్భిణుల్ని చేర్చుకునే చికిత్సా కేంద్రాలేమో చాలా కొద్ది. జైలు భయంతో ఆడవాళ్ళు ఆస్పత్రి గడప తొక్కడం మానేస్తారని డాక్టర్లు మొత్తుకున్నారు. రెండేళ్ళ గడువు తీరాక 2016లో ఆ చట్టం పోయింది. అది అమల్లో ఉన్నన్నాళ్ళూ, సంరక్షణ అందితే బాగుపడగల బిడ్డ కూడా తల్లితో పాటే శిక్ష అనుభవించింది కదా అనిపిస్తుంది నాకు.

2023లో, 26 అమెరికా ఆస్పత్రుల్లో జరిగిన పరిశోధన ఒకటి వెలువడింది. అందులో పసిబిడ్డ తాగుతోందా, నిద్రపోతోందా, ఓదారిస్తే ఊరుకుంటోందా అన్న మూడే ప్రశ్నలు. ముందు మందు చుక్కలు కాదు, మసక వెలుతురు గది, ఒడి, వీలైతే తల్లిపాలు. పాత పద్ధతిలో సగటున 14.9 రోజులకి గానీ ఇంటికి పంపేంత కుదుటపడని పిల్లలు, ఇలా చూసుకుంటే 8.2 రోజులకే కుదుటపడ్డారు.

దీనికి తల్లి బిడ్డ పక్కన ఉండాలి. జైల్లో ఉంటే కుదరదు.