బ్యాటరీ విప్పినా మిగిలే శక్తి: ఎయిర్‌బ్యాగు మరమ్మతులలో జాగ్రత్తల చరిత్ర

మోటారు వాహనాల చరిత్ర రాసినవారి దృష్టి సాధారణంగా ముగ్గురిపైనే నిలిచింది: యంత్రాన్ని కనిపెట్టిన ఇంజనీరు, దాన్ని తయారుచేసిన సంస్థ, నడిపిన యజమాని. అదే వాహనం కింద పడుకొని నట్లు విప్పిన మెకానిక్కు ఆ చరిత్రలలో అరుదుగా కనిపిస్తాడు. ఎయిర్‌బ్యాగు విషయంలో ఈ లోటు మరింత స్పష్టం. ప్రయాణికుడి ప్రాణం కాపాడటానికి పుట్టిన ఈ సాధనం మరమ్మతుల షెడ్డులోకి ఒక కొత్త తరహా ప్రమాదాన్ని తెచ్చింది. అంతకుముందు మెకానిక్కులు ఎరిగిన ప్రమాదాలలో చాలావాటికి ఏదో ఒక సూచన ఉండేది. పెట్రోలు వాసన వచ్చేది, రేడియేటరు వేడి చేతికి తగిలేది, బ్యాటరీ ఆసిడ్ బట్టను కాల్చేది. స్టీరింగు మధ్య మడతపెట్టి ఉన్న సంచికి వాసన లేదు, వేడి లేదు, శబ్దం లేదు. ఆ నిశ్శబ్దం నుంచి మెకానిక్కును కాపాడే నియమాలు ఎలా రూపొందాయన్నది ఈ వ్యాసవిషయం.

గాలి నుంచి మందుగుండుకు

అమెరికాలోని పెన్సిల్వేనియాకు చెందిన జాన్ హెట్రిక్‌కు 1953 ఆగస్టులో ఎయిర్‌బ్యాగుపై పేటెంటు లభించింది. నౌకాదళంలో పనిచేసిన రోజుల్లో టార్పెడోలోని సంపీడిత వాయువు ఒక్కసారిగా బయటపడటం చూసిన అనుభవం ఆయన ఆలోచనకు మూలం. దాదాపు అదే కాలంలో జర్మనీలో వాల్టర్ లిండరర్ 1951లో దరఖాస్తు చేసిన పేటెంటు కూడా సంపీడిత వాయువునే నమ్ముకుంది. ఈ రెండు ఆలోచనలూ అప్పట్లో ఆచరణకు రాలేదు. ఢీకొన్న క్షణం నుంచి సంచి నిండటానికి దొరికే వ్యవధి సుమారు 30 మిల్లీసెకన్లు. సిలిండరులోని గాలి అంత వేగంగా రాదు. గుద్దుకోవడాన్ని నమ్మకంగా గుర్తించే సెన్సరు కూడా అప్పటికి లేదు. 1960ల చివర అలెన్ బ్రీడ్ గొట్టంలో కదిలే ఉక్కుగోళం ఆధారంగా సెన్సరును రూపొందించాకే ఆ రెండో చిక్కు వీడింది.

మొదటి చిక్కుకు పరిష్కారం రసాయనశాస్త్రం నుంచి వచ్చింది. సోడియం అజైడ్ సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వద్ద విడిపోయి నత్రజనిని వెలువరిస్తుంది. చిన్న విద్యుత్ ప్రవాహంతో రగిలే నిప్పురవ్వ, దాని వెంట ఈ ఘనపదార్థపు బిళ్లలు, వాటి నుంచి వాయువు: ఇదే ఇన్‌ఫ్లేటరు. ఈ మలుపు చరిత్రకారుల దృష్టికి రావలసినంతగా రాలేదు. సంపీడిత వాయువు సిలిండరు మెకానిక్కుకు పాత పరిచయమే. షెడ్డులో కంప్రెసరు ఉంటుంది, వెల్డింగు సిలిండరు ఉంటుంది. ఇన్‌ఫ్లేటరు మాత్రం స్వభావరీత్యా బాణసంచాకు, ఫిరంగిమందుకు దగ్గరి చుట్టం. కారు మరమ్మతు చేసేవాడు తనకు తెలియకుండానే మందుగుండు సామగ్రిని చేతబట్టేవాడయ్యాడు.

జనరల్ మోటార్స్ 1974-76 మధ్య సుమారు 10,000 కార్లలో ఎయిర్‌బ్యాగులు అమర్చి అమ్మింది. గిరాకీ లేక మానుకొంది. 1981లో మెర్సిడెస్-బెంజ్ తన ఎస్-క్లాస్ కార్లలో దాన్ని తిరిగి ప్రవేశపెట్టింది. జర్మనీలో ఈ పని పేలుడు పదార్థాల చట్టం పరిధిలోకి రావడంతో ఎయిర్‌బ్యాగులను తాకే మెకానిక్కు ప్రత్యేక శిక్షణ పొంది అర్హత చూపించవలసి వచ్చింది. అమెరికాలో 1991 నాటి చట్టం 1998 మోడలు నుంచి కార్లన్నింటికీ ముందుసీట్ల ఎయిర్‌బ్యాగులను తప్పనిసరి చేసింది. సంపన్నుల కారులోని సాధనం ఇలా వీధి చివరి షెడ్డుకు చేరింది.

నియమాల వెనుక కారణాలు

సర్వీసు మాన్యువళ్లలో కనిపించే జాగ్రత్తలు మొదటి చూపులో ఆచారాల పట్టికలా ఉంటాయి. కారణం తెలిస్తే ప్రతి నియమమూ యంత్రనిర్మాణ చరిత్రలో ఒక ఘట్టం. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి కొంతసేపు ఆగిన తరువాతే ఎయిర్‌బ్యాగు జోలికి వెళ్లాలన్నది వాటిలో ప్రధానమైనది. తయారీదారును బట్టి ఆ వ్యవధి ఒకటి రెండు నిమిషాల నుంచి పది నిమిషాలకు పైగా ఉంటుంది. ఢీకొన్నప్పుడు ముందుభాగం నలిగి బ్యాటరీ తీగలు తెగిపోవచ్చు. అయినా సంచి తెరుచుకోవాలి. అందుకే కంట్రోల్ యూనిట్‌లోని కెపాసిటర్లలో కొంత విద్యుత్తును దాచి ఉంచుతారు. రోడ్డు మీద ప్రాణం నిలిపే ఆ నిల్వే షెడ్డులో ముప్పు. బ్యాటరీ విప్పితే కారు 'చచ్చిపోయింది' అన్న పాతతరం మెకానిక్కుల నమ్మకాన్ని ఈ ఒక్క భాగం తారుమారు చేసింది.

పసుపుపచ్చ కనెక్టర్లు ఈ ప్రమాదానికి ఒక దృశ్యభాషను సమకూర్చాయి. ఆ కనెక్టరు విడదీయగానే లోపలి చిన్న స్ప్రింగు పట్టీ రెండు పిన్నులనూ కలిపేస్తుంది. అందువల్ల ఒంటిమీది స్థిరవిద్యుత్తు వల్ల వాటి మధ్య వోల్టేజి తేడా ఏర్పడదు. ఇన్‌ఫ్లేటరు నిరోధకతను మామూలు మల్టీమీటరుతో కొలవకూడదన్న నిషేధం కూడా ఇలాంటిదే. కొలవడానికి మీటరు పంపే స్వల్ప ప్రవాహం నిప్పురవ్వను రగిలించవచ్చు. తీగ తెగిందో లేదో మీటరు పెట్టి చూడటం ఎలక్ట్రీషియను పనిలో తొలిపాఠం. ఇక్కడ ఆ తొలిపాఠమే నిషిద్ధం. విప్పిన మాడ్యూలును కవరు వైపు పైకి ఉండేలా బల్లమీద పెట్టాలి. బోర్లించి పెడితే, పొరపాటున రగిలినప్పుడు సంచి బల్లను నెట్టి లోహపు డబ్బాను రాకెట్టులా పైకి విసురుతుంది. చేతిలో మోసేటప్పుడు కవరు శరీరానికి అవతలివైపు ఉండాలి.

ఈ నియమాలు సార్వకాలికం కావు. 1990లలో కొన్ని కార్లలో పూర్తిగా యాంత్రికమైన ఎయిర్‌బ్యాగులుండేవి; లోపలి సూది కదిలి మందును గుచ్చేది, విద్యుత్తుతో నిమిత్తమే లేదు. 1995 మోడలు వోల్వో 850లో వచ్చిన తొలి పక్క ఎయిర్‌బ్యాగుల సెన్సరు కూడా సీటులో అమర్చిన యాంత్రిక సెన్సరే. అలాంటి వాటికి బ్యాటరీ విప్పి ఎంతసేపు ఆగినా ప్రయోజనం లేదు. ఒక కారులో రక్షించిన అలవాటు మరో కారులో మెకానిక్కును మోసగించగలదు. మాన్యువలు చదవాలన్న సాధారణ హితవుకు ఇంత నిర్దిష్టమైన అర్థం వేరే సందర్భంలో అరుదు.

ఇంధన వ్యవస్థ చరిత్ర కూడా ఇదే దారిలో నడిచింది. కార్బొరేటరు కాలంలో ఇంజను ఆపితే గొట్టాల్లో చెప్పుకోదగిన పీడనం మిగిలేది కాదు. 1967లో బాష్ సంస్థ ఎలక్ట్రానిక్ ఇంజెక్షనును వోక్స్‌వ్యాగన్ కార్లలో ప్రవేశపెట్టిన తరువాత, ఇంజను వెంటనే తిరిగి అందుకోవడానికి వీలుగా గొట్టాల్లో పీడనాన్ని కావాలనే నిలిపి ఉంచడం సాధారణమైంది. దాన్ని దించడానికి పంపు ఫ్యూజు తీసి, ఇంజను దానంతట అది ఆగేదాకా నడపాలి. ఆ తరువాతే బ్యాటరీ విప్పాలి. ముందే విప్పితే ఆ మార్గం మూసుకుపోతుంది. గుద్దుకొని వచ్చిన కారులో మాత్రం ఈ క్రమం పనికిరాదు. పగిలిన గొట్టం నుంచి పెట్రోలు కారుతుంటే ఇంజను తిప్పకూడదు, టెర్మినల్ వద్ద చిన్న నిప్పురవ్వ కూడా రాకూడదు, ఎదుట తెరుచుకోని సంచి ఉండవచ్చు. ఏది ముందు, ఏది వెనక అన్న నిర్ణయం అక్కడ మెకానిక్కు విచక్షణకే మిగులుతుంది.

టకాటా: నియమం చాలని చోట

సోడియం అజైడ్ విషపదార్థం. రాగి, సీసం వంటి లోహాలతో కలిస్తే స్పర్శకే పేలే లవణాలనిస్తుంది; 1970లలో వైద్య ప్రయోగశాలల మురుగు గొట్టాల్లో జరిగిన పేలుళ్లకు కారణం అదే. తెరుచుకున్న సంచి నుంచి రాలే క్షారగుణపు ధూళి తాకకుండా చేతితొడుగులు, కళ్లద్దాలు ధరించాలన్న నియమం ఆ తరం నుంచే వచ్చింది. ఈ ఇబ్బందులతో 1990లలో పరిశ్రమ వేరే పదార్థాల వైపు మళ్లింది. జపాన్ సంస్థ టకాటా ఎంచుకొన్నది అమ్మోనియం నైట్రేట్. అది చవక, వాయువును సమృద్ధిగా ఇస్తుంది. అయితే దాని స్ఫటికనిర్మాణం 32 డిగ్రీల వద్దే మారుతుంది. స్థిరీకరించిన రూపాన్ని వాడినప్పటికీ, తేమను పీల్చే పదార్థం జతచేయని ఇన్‌ఫ్లేటర్లలో ఏళ్ల తరబడి తేమ, పగటి వేడి, రాత్రి చల్లదనం కలిసి బిళ్లలను గుల్లబరిచాయి. గుల్లబారిన బిళ్ల ఒక్కసారిగా మండుతుంది. ఆ పీడనానికి లోహపు డబ్బా పగిలి ముక్కలు సంచిని చీల్చుకొని వస్తాయి.

2008లో హోండా సుమారు 4,000 కార్లతో మొదలుపెట్టిన రీకాల్, అమెరికా చరిత్రలోనే అతిపెద్దదిగా పెరిగి ఆ దేశంలో సుమారు 6 కోట్ల 70 లక్షల ఇన్‌ఫ్లేటర్లకు విస్తరించింది. 2017లో టకాటా నేరం ఒప్పుకొని వంద కోట్ల డాలర్ల జరిమానాకు అంగీకరించింది. అదే ఏడాది జూన్‌లో దివాలా ప్రకటించింది. ఈ కథ చెప్పేవారు బోర్డురూములను, కోర్టులను విస్తారంగా వర్ణించారు. 2016 జూన్‌లో ఫ్లోరిడాలోని హయలియాలో జరిగిన ఘటన వారి కథనాల్లో చాలావరకు ఒక వాక్యంతో ముగుస్తుంది. అక్కడ 2001 మోడలు హోండా అకార్డ్‌ను మరమ్మతు చేస్తున్న ఒక వ్యక్తి ఇన్‌ఫ్లేటరు పగిలి మరణించాడు. కారు నడవడం లేదు, దేనినీ ఢీకొనలేదు. ఆ పనిలో సుత్తి వాడారని, ఇగ్నిషన్ ఆన్‌లో ఉందని హోండా ఏడాది తరువాత వెల్లడించింది. ఆ మోడలు అత్యంత ప్రమాదకరమైన ఇన్‌ఫ్లేటర్లున్న వాటిలో ఒకటి. ఆ రకం ఇన్‌ఫ్లేటర్లు పరీక్షల్లో సగం దాకా పగిలే అవకాశం చూపాయని అదే నెలాఖరున అమెరికా రహదారి భద్రతా సంస్థ హెచ్చరించింది. ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ విప్పి, ఆగవలసినంతసేపు ఆగి ఉంటే సంచి ఆనాడు తెరుచుకొని ఉండకపోవచ్చు. ఆ నియమం పాటించినంత మాత్రాన లోపలి మందు బాగుపడేది మాత్రం కాదు. మాన్యువలు రాసినవారు ఊహించిన ఇన్‌ఫ్లేటరు ఆరోగ్యంగా ఉన్న ఇన్‌ఫ్లేటరు.

భారతదేశపు షెడ్డులో

హోండా, టయోటా తదితర సంస్థలు భారతదేశంలోనూ టకాటా ఇన్‌ఫ్లేటర్లున్న కార్లను వెనక్కి పిలిచాయి. అమెరికాలో వేడి, తేమ అధికంగా ఉన్న దక్షిణ రాష్ట్రాలకు రీకాల్‌లో ప్రాధాన్యం దక్కింది; కోస్తాంధ్ర వాతావరణం ఆ లక్షణాలకు దూరమైనది కాదు. మన దేశంలో డ్రైవరు ఎయిర్‌బ్యాగు 2019 జూలై 1 నుంచి, కొత్త మోడళ్లలో పక్కసీటుకు 2021 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి అయింది. వారంటీ ముగిసిన కార్లు కంపెనీ వర్క్‌షాపు వదిలి విజయవాడ ఆటోనగర్ వంటి చోట్లకు చేరడం మామూలే. అక్కడ పని గురువు పక్కన నిలబడి నేర్చుకొనేది. గురువు చేతికి ఎయిర్‌బ్యాగు పరిచయం లేనప్పుడు శిష్యుడికి అందేది పాత అలవాటే. సర్వీసు మాన్యువలు ఇంగ్లీషులో, చాలావరకు డబ్బు చెల్లించిన వారికే తెరుచుకొనే రూపంలో ఉంటుంది. తెరుచుకున్న సంచి స్థానంలో కొత్తది పెట్టకుండా ఒక రెసిస్టరు అమర్చి డాష్‌బోర్డు దీపాన్ని ఆర్పేసే మోసం పలు దేశాల్లో బయటపడింది. దాన్ని కేవలం వినియోగదారుడి నష్టంగా చూడటం చాలదు. ఆ కారును తరువాత విప్పే మెకానిక్కుకు దీపం చెప్పే సమాచారం కూడా అబద్ధమవుతుంది.

చివరి మజిలీ తుక్కు. ఐరోపా సమాజం 2000 సంవత్సరపు ఆదేశంలో, పాత వాహనాన్ని తుక్కు చేసేముందు ఎయిర్‌బ్యాగుల వంటి పేలే భాగాలను తొలగించాలని లేదా నిర్వీర్యం చేయాలని విధించింది. భారతదేశంలో నమోదిత తుక్కు కేంద్రాలకు నియమావళి 2021లో వచ్చింది. నిర్వీర్యం చేయడానికి వాడే పద్ధతి చాలా పాతది: పొడవాటి తీగలు కలిపి, మనుషులను దూరంగా నిలిపి, అవతలి కొసన బ్యాటరీ తాకించి సంచిని కావాలనే తెరవడం. క్వారీల్లో రాయి పగలగొట్టేవారు తరతరాలుగా చేస్తున్నదీ అదే.