గ్రహణము - దృష్టినాశము

సూర్యగ్రహణమును చూడరాదని మన పెద్దలు నియమించిరి. గోదావరిసీమలో నేటికిని గ్రహణవేళ దేవాలయములు మూసి, విడుపు పిమ్మట శుద్ధిచేసి తెరచుట యాచారము. పాలకొల్లున క్షీరారామలింగేశ్వరుని సేవించువారికిది తెలియనిది కాదు. పళ్లెములో పసుపునీరు పోసి సూర్యుని నీడను చూచు అలవాటును కలదు. ఇది దైవాజ్ఞ యని కొందరు, మూఢత్వమని కొందరు వాదింతురు. భయము విడువదగినదనియు, జాగ్రత్త విడువరానిదనియు మేము చెప్పుదుము.

1868 ఆగస్టు 18వ తేదీని సంపూర్ణగ్రహణపు నీడ గుంటూరు, మచిలీపట్టణముల మీదుగా సముద్రమునకు సాగెను. పాలకొల్లు ఆ త్రోవకు దూరము కాదు. నాడు గుంటూరున ఫ్రెంచిపండితుడు జాన్సెను సూర్యుని యంచున లేచు జ్వాలలు మండు వాయువులని కనుగొనెను. హీలియము చరిత్ర ఆ గ్రహణముతోనే మొదలైనది. లోకమునకు జ్ఞానమిచ్చిన గ్రహణము మన జనులకు భయమునే మిగిల్చెను. 1980 ఫిబ్రవరి 16న ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి జపాల్-రంగాపురము వేధశాలలో శాస్త్రజ్ఞులు గ్రహణమును పరిశీలించుచుండగా, పట్టణవీథులు నిర్మానుష్యములై యుండెను.

అయినను కంటికి కీడు నిజమే. గ్రహణసూర్యునియందు క్రొత్త విషమేదియు లేదు. నిత్యము ఆ తీక్ష్ణతయే మన రెప్పలను మూయించును. బింబము తరిగినపుడు వెలుగు తగ్గినట్లు తోచి తదేకముగా చూతుము. మిగిలిన యంచు మాత్రము ఎప్పటివలెనే తీక్ష్ణము. కంటికటకము దానిని రెటీనా యను దృష్టిపటలపు నడిమిచోట కేంద్రీకరించును.

ఆ హాని కాలుటవలననే కలుగునని పూర్వశాస్త్రజ్ఞులు తలచిరి. 1966లో నోయెలు మొదలగువారు ఎలుకలను కాల్పజాలని సామాన్యకాంతిలో గంటలకొలది యుంచి, వాని దృష్టికణములు నశించుట చూపిరి. 1976లో హాము మొదలగువారు నీలికాంతి మిక్కిలి హానికరమని తేల్చిరి. వెలుగు సోకిన వర్ణద్రవ్యములు ప్రాణవాయువును ఉద్రేకింపజేయగా, అది కణపుపొరలలోని కొవ్వును చెరచును. దెబ్బ మితిమీరిన కణము తన మరణమును తానే నడపుకొనును. ఇట్టి చావునకు 1972లో అపోప్టోసిసు అను పేరు వచ్చినది. చచ్చిన దృష్టికణము మరల మొలవదు.

దృష్టిపటలమునకు నొప్పి తెలియదు. అందుచే సూర్యుని చూచు బాలునికి ఆ క్షణమున ఏమియు తోచదు. కొన్ని గంటలకు చూపు నడుమ నల్లని మచ్చ కనబడును. కొందరికది నెలలలో తగ్గును, కొందరికి జీవితాంతము నిలుచును. దీనిని నిశ్చయముగా మాన్పు మందు నేటికిని లేదు.

పసుపునీరు రక్షించునా? నీటిపై నిట్టనిలువుగా పడిన వెలుగులో నూటికి రెండుపాళ్లు తిరిగి వచ్చును. కంటికి తగునది లక్షకు మూడుపాళ్లు మాత్రమే. మరలివచ్చు వెలుగు నీటి పైభాగమునుండి వచ్చునది గనుక పసుపు దానిని తగ్గింపదు. మసిపట్టించిన గాజును నమ్మదగినది కాదు.

అట్లని పిల్లలను చీకటిగదిలో మూయనేల? అట్టముక్కకు సన్నని రంధ్రము చేసి, సూర్యునికి వీపు పెట్టి నిలిచి, దానినుండి గోడపై పడు వెలుగును చూపుడు, గ్రహణబింబము కనబడును. మన కొబ్బరితోటల నీడలో ఆకుల సందులే ఆ పని చేసి, నేలపై వేయి నెలవంకలను పరచును. రాహువు కథకు మారుగా ఈ సంగతిని ప్రతి పాఠశాలలోను చెప్పినచో, బాలురకు ఆకాశమును దక్కును, కన్నులును దక్కును.