డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రివల్యూషన్

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో (1775–83) పాలుపంచుకున్నవారి వారసురాళ్ల సంఘం. 1890 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో ఏర్పడింది. అంతకు ముందటి ఏడాది మొదలైన సన్స్ ఆఫ్ ది అమెరికన్ రివల్యూషన్ స్త్రీలను చేర్చుకోకపోవడంతో వీరు వేరు కుంపటి పెట్టుకున్నారు. తొలి అధ్యక్షురాలు దేశాధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ భార్య కారొలైన్. 1896లో అమెరికన్ కాంగ్రెస్ చట్టబద్ధత కల్పించింది.

పద్దెనిమిదేళ్లు నిండి, నేరుగా ఆ వంశంలో పుట్టిన స్త్రీలకే సభ్యత్వం. పూర్వీకుడి తమ్ముడో పినతండ్రో యుద్ధం చేశాడంటే చెల్లదు. తరం తరానికీ జనన, వివాహ, మరణ పత్రాలతో లంకె చూపాలి. అయితే పూర్వీకుడు తుపాకీ పట్టి ఉండనక్కర్లేదు; సైన్యానికి ధాన్యం, పశువులు సమకూర్చినా, విధేయతా ప్రమాణం చేసినా చాలు. 1783లో సైనికాధికారులు స్థాపించిన సొసైటీ ఆఫ్ ది సిన్సినాటి ఇంత ఉదారం కాదు: అధికారుల వంశాలకే పరిమితమై, సభ్యత్వం పెద్దకొడుకుకు దక్కేది. రాచరికాన్ని వదిలించుకున్న దేశంలో ఈ వంశపారంపర్యం ఏమిటని బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఎద్దేవా చేశాడు.

సంఘానికి తీరని మచ్చ 1939 నాటిది. నల్లజాతి గాయని మరియన్ ఆండర్సన్‌కు తమ కాన్‌స్టిట్యూషన్ హాలును ఇవ్వలేదు. దీనికి నిరసనగా అప్పటి దేశాధ్యక్షుడి భార్య ఎలియనోర్ రూజ్‌వెల్ట్ సంఘ సభ్యత్వానికి రాజీనామా చేసింది. ఏప్రిల్ 9న లింకన్ స్మారకం మెట్లపై ఆండర్సన్ పాడితే సుమారు 75,000 మంది విన్నారు. ఆధునిక కాలంలో తొలి నల్లజాతి సభ్యురాలు చేరింది 1977లో. యుద్ధంలో పాల్గొన్న నల్లజాతివారి, మూలవాసుల పేర్లతో సంఘమే 2008లో ఒక గ్రంథం వెలువరించింది. వాషింగ్టన్‌లోని దీని గ్రంథాలయం వంశచరిత్ర పరిశోధకులకు ప్రధాన ఆధారం.