తెల్ల భాస్వరానికి దొరికిన అరవై ఏళ్ల గడువు

1898లో లండన్‌లోని ఒక మేజిస్ట్రేటు కోర్టు బ్రయంట్ అండ్ మే అనే అగ్గిపెట్టెల కంపెనీకి 25 పౌండ్ల 9 షిల్లింగుల జరిమానా వేసింది. తెల్ల భాస్వరం వల్ల జబ్బుపడిన 17 మంది కార్మికుల సంగతి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్లకు తెలియజేయకుండా దాచారన్నది అభియోగం. ఆ 17 మందిలో ఆరుగురు చనిపోయారు. అంతమందిని బలిగొన్న పదార్థాన్ని వాడినందుకు కంపెనీ మీద ఏ కేసూ లేదు, ఎందుకంటే వాడటం నేరం కాదు. జబ్బును కాగితం మీద చూపించకపోవడమే నేరం. నిజానికి ఆ విషం లేకుండా అగ్గిపుల్ల చేసే పద్ధతి అప్పటికి నలభై ఏళ్ల పైమాటగా లోకానికి తెలుసు. దారి తెలిసి కూడా ఇంత ఆలస్యం ఎందుకు జరిగింది? యజమానుల దురాశ అనేస్తే సరిపోదు. జాగ్రత్తలు పాటిస్తే ఏ విషంతోనైనా పని చేయించుకోవచ్చన్న నమ్మకం ఆ దురాశకు అండగా నిలిచింది. తెల్ల భాస్వరాన్ని అన్నేళ్లు కాపాడింది ప్రధానంగా ఆ నమ్మకమేనని నా వాదన.

1830ల నుంచి యూరప్‌లో అగ్గిపుల్లల తలకు తెల్ల భాస్వరం ఎక్కింది. దాన్ని నీళ్లలో మునిగేలా నిల్వ చేయాలి. బయటకు తీస్తే కొద్దిపాటి వెచ్చదనానికే రాజుకుంటుంది. అందుకే ఆ పుల్లను గోడ మీద గీసినా, బూటు అడుగున గీసినా మండేది. ఫ్యాక్టరీలో రెండు పుల్లల పొడవుండే పుడకలను చట్రాల్లో బిగించి, జిగురు, క్లోరేటు, భాస్వరం కలిపిన వెచ్చని ముద్దలో రెండు కొసలూ ముంచేవారు. ఆరాక మధ్యకు కోస్తే, ఆడపిల్లలు వాటిని గుప్పిళ్లతో తీసి పెట్టెల్లో సర్దేవారు. ముద్ద కలిపేచోట, ముంచేచోట, ఆరబెట్టేచోట, సర్దే బల్లల దగ్గర కూడా వెల్లుల్లి వాసన కొట్టే ఆవిరి కమ్ముకుని ఉండేది. కార్మికుల తిండి కూడా చాలాచోట్ల ఆ గదుల్లోనే, అవే చేతులతో.

జబ్బు పంటి నొప్పితో మొదలయ్యేది. చిగుళ్లు వాచి, చీము పట్టి, లోపల దవడ ఎముక చచ్చిపోయేది. పుండులోంచి ఎముక ముక్కలు ఊడి వచ్చేవి. పక్కన ఎవరూ కూర్చోలేనంత దుర్వాసన. ఇంగ్లండు కార్మికులు దీన్ని ‘ఫాసీ జా’ అనేవారు. చచ్చిన ఎముకను కోసి తీసేయడం తప్ప వైద్యం లేదు. బతికినవాళ్ల ముఖం జీవితాంతం సొట్టపడి ఉండేది, నమిలి తినే యోగం పోయేది. వియన్నా వైద్యుడు ఫ్రీడ్రిష్ లోరిన్సర్ 1845లోనే ఈ రోగాన్ని, దాని కారణాన్ని వైద్యలోకం ముందు పెట్టాడు. కాబట్టి తెలియక జరిగిందన్న సమర్థన ఈ చరిత్రలో ఎవరికీ చెల్లదు.

మందు కూడా దాదాపు అదే కాలంలో, అదే ఊళ్లో దొరికింది. గాలి తగలకుండా తెల్ల భాస్వరాన్ని వేడి చేస్తే ఎర్ర భాస్వరంగా మారుతుందని, అది ఆవిరి కాదని, ఒంటికి హాని చేయదని వియన్నాలోనే ఆంటన్ ష్రోటర్ చూపించాడు. దాన్ని పుల్ల తలకు కాకుండా పెట్టె పక్కనున్న గరుకు పట్టీకి పూయడం స్వీడన్ వాళ్ల నేర్పు. యోన్‌షోపింగ్‌లో లుండ్‌స్ట్రోమ్ సోదరులు చేసిన ఈ సేఫ్టీ అగ్గిపెట్టె 1855 పారిస్ ప్రదర్శనలో బహుమతి పొందింది. ఈ రోజు మన వంటింట్లో ఉన్న అగ్గిపెట్టె అదే. పట్టీ మీద గీస్తేనే మండుతుంది, గోడ మీద గీస్తే మండదు. ఆ సేఫ్టీ అగ్గిపెట్టెకు బ్రిటన్ హక్కులను 1855లో వంద పౌండ్లకు కొనుక్కున్నది మరెవరో కాదు, బ్రయంట్ అండ్ మే కంపెనీయే. విషం లేని పుల్లను తయారుచేసే హక్కు చేతిలో పెట్టుకుని, బో పేటలోని తన ఫ్యాక్టరీలో 1901 దాకా విషం పుల్లలు కూడా చేయించింది. కొనేవాళ్లు ఎక్కడ గీసినా మండే చవక పుల్లనే అడిగేవారు, అమ్మేవాళ్లు కాదనలేదు.

ఈ నలభై అయిదేళ్లు ప్రభుత్వం నిద్రపోయిందని అనలేం. 1860లలో వైద్యులను పంపి విచారణ చేయించింది. 1864లో అగ్గిపుల్లల ఫ్యాక్టరీలను ఫ్యాక్టరీ చట్టం కిందికి తెచ్చింది. 1890లలో ఈ పనిని ప్రమాదకర వృత్తిగా ప్రకటించి ప్రత్యేక నియమాలు పెట్టింది. గాలి ఆడాలి, చేతులు కడుక్కోవడానికి సబ్బు, నీళ్లు ఉండాలి, పంటి నొప్పి వచ్చినవాళ్లను వైద్యుడికి చూపించాలి, భాస్వరం జబ్బును నమోదు చేయాలి. కొన్ని ఫ్యాక్టరీల్లో కార్మికులు టర్పెంటైన్ ఉన్న చిన్న డబ్బీని మెడలో వేలాడదీసుకునేవారు, దాని ఆవిరి భాస్వరాన్ని విరిచేస్తుందన్న ఆశతో. ఒక్కొక్కటిగా చూస్తే ఇవన్నీ మంచి ఏర్పాట్లే, కొన్ని జబ్బును కొంత తగ్గించాయి కూడా. కానీ అన్నీ కలిసి చర్చను విషం మీది నుంచి కార్మికుడి మీదికి మళ్లించాయి. ఎవరు చేతులు కడుక్కోలేదు, ఎవరి పళ్లు పుచ్చిపోయాయి అన్న లెక్క మొదలైంది.

పళ్ల సంగతి కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే అసలు కిటుకు అక్కడే ఉంది. పుచ్చిన పంటిలోంచి భాస్వరం దవడకు దిగుతుందన్నది ఆనాటి వైద్యుల అభిప్రాయం. దాంతో పళ్లు బాగున్నవాళ్లను పెట్టుకుంటే చాలు, జబ్బు రాదన్న సూత్రం పుట్టింది. పంటి నొప్పి అని చెప్పిన అమ్మాయి పన్ను పీకించుకోవాలి, లేదా పని వదులుకోవాలి. లండన్ తూర్పు పేటల్లో రొట్టె ముక్కకు కటకటలాడే ఇంటి పిల్ల ఏం చేస్తుంది? నొప్పి ఉన్నా లేదంటుంది, వాపును శాలువాతో కప్పుకుంటుంది. కనిపెట్టడానికి పెట్టిన నియమమే దాచిపెట్టడానికి కారణమైంది. కంపెనీ 17 పేర్లను దాచడానికి, అమ్మాయి తన నొప్పిని దాచడానికి మూలం ఒకటే. జబ్బు బయటపడితే నష్టపోయేది ఎవరో వారి చేతిలోనే దాన్ని బయటపెట్టే బాధ్యత ఉంది.

1888 సమ్మె ఇదే పరిమితిని ఇంకో వైపు నుంచి చూపిస్తుంది. ఆ ఏడాది జూన్‌లో అనీ బిసెంట్ తన చిన్న పత్రిక ‘ది లింక్’లో బో ఫ్యాక్టరీ గురించి రాసింది. పదహారేళ్ల పిల్లకు వారానికి నాలుగు షిల్లింగుల కూలి, కాళ్లు మురికిగా ఉన్నాయని మూడు పెన్నీల జరిమానా, వాటాదారులకు మాత్రం నూటికి ఇరవై మూడు చొప్పున లాభం. జులైలో సుమారు 1,400 మంది ఆడవాళ్లు పని ఆపి రోడ్డెక్కారు. రెండు వారాల్లో గెలిచారు కూడా. జరిమానాలు పోయాయి, పనిగదికి దూరంగా తినడానికి వేరే గది వచ్చింది. తర్వాతి కాలంలో మన దేశానికి వచ్చి మదనపల్లె కాలేజీకి, హోంరూల్ ఉద్యమానికి తన పేరు ముడివేసిన బిసెంటే ఈమె. ఆ గెలుపు చిన్నది కాదు. అన్నం గిన్నెలో విషం పడకుండా చేయడమంటే ప్రాణాలు నిలపడమే. అయినా వేరే గదిలో తిన్న అమ్మాయి మళ్లీ వచ్చి కూర్చున్నది అదే బల్ల దగ్గరే. తెల్ల భాస్వరం ఇంకో పదమూడేళ్లు ఆ ఫ్యాక్టరీలోనే ఉంది.

దీనికి ఎదురు వాదన ఉంది, అది తేలికైనది కాదు. ఎర్ర భాస్వరం పుల్ల ఖరీదు ఎక్కువ, అది పట్టీ మీదే మండుతుంది, పేదలు కొనలేరు, నిషేధిస్తే విదేశీ చవక పుల్లలు బజారును ముంచెత్తి ఈ ఆడవాళ్ల పనే పోతుంది అన్నారు. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ అనుభవం ఈ మాటకు బలమిచ్చేట్టే కనిపిస్తుంది. ఆ సంస్థ 1891లో ఎర్ర భాస్వరంతో, మెరుగైన కూలితో ఫ్యాక్టరీ పెట్టి, బజారులో పోటీకి తట్టుకోలేక పదేళ్లలో దాన్ని బ్రయంట్ అండ్ మేకే అమ్ముకుంది. అయితే ఆ ఓటమి చెప్పేదేమిటి? పక్కవాడు విషాన్ని వాడుకోవడానికి చట్టం ఒప్పుకున్నంత కాలం మంచి యజమాని నిలబడలేడని. దవడ పోయిన అమ్మాయి వైద్యం ఖర్చు పుల్ల ధరలో చేరి ఉంటే ఏది చవకో అప్పుడు తేలేది. ఫిన్లండ్ 1872లో, డెన్మార్క్ 1874లో నిషేధించాయి. ఆ దేశాల్లో పొయ్యిలు ఆరిపోలేదు.

ఫ్రాన్స్ ఈ లెక్కను స్పష్టంగా తేల్చింది. అక్కడ అగ్గిపుల్లల తయారీ ప్రభుత్వ గుత్తాధిపత్యం. 1890లలో కార్మికులు సమ్మెలు చేసి నష్టపరిహారం రాబట్టేసరికి జబ్బు ఖర్చు నేరుగా అమ్మేవాడి ఖాతాలో పడింది. 1898కల్లా ప్రభుత్వ రసాయన శాస్త్రవేత్తలు సెవెన్, కాహెన్ భాస్వరం సెస్క్విసల్ఫైడ్‌తో పుల్ల చేసి చూపించారు. ఎక్కడ గీసినా మండుతుంది, దవడను తినదు. యాభై ఏళ్లుగా ఎవరికీ కుదరదన్నది, డబ్బు తన జేబులోంచి పోతున్నప్పుడు కొద్ది ఏళ్లలోనే కుదిరింది. ఆ తర్వాత పేదల వాడుక అన్న వాదనకు కూడా కాలు నిలవలేదు. 1906లో బెర్న్‌లో ఏడు దేశాలు తెల్ల భాస్వరం పుల్లలను నిషేధించే ఒప్పందం చేసుకున్నాయి. బ్రిటన్ మొదట వెనుకాడి, 1908లో చట్టం చేసి 1910 నుంచి అమలు చేసింది. అమెరికాలో కేంద్రానికి నేరుగా నిషేధించే అధికారం లేదనుకుని, 1912లో వంద పుల్లలకు రెండు సెంట్ల పన్ను వేసి ఆ సరుకును బజారు నుంచి తరిమేశారు. దానికి ముందే డైమండ్ మ్యాచ్ కంపెనీ సెస్క్విసల్ఫైడ్ మీద తన పేటెంటును అందరికీ వదులుకుంది.

ఇక్కడ ఇంకో ప్రశ్న రావాలి. ప్రతి విషానికీ ఎర్ర భాస్వరం లాంటి బదులు ఉంటుందా? ఉండదు. పాలీస్టైరీన్ కావాలంటే స్టైరీన్ ఉండాల్సిందే. దాన్ని చల్లగా ఉంచాలి, తనంతట తాను పాలిమర్‌గా మారిపోకుండా నిరోధకం కలపాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం వెంకటాపురం దగ్గర ఒక ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్లమీద పడి 12 మంది చనిపోయాక, రాష్ట్రప్రభుత్వం వేసిన కమిటీ ఎత్తిచూపింది జాగ్రత్తల లోపాలనే. చల్లబరిచే ఏర్పాటు రాత్రింబవళ్లు నడవలేదు, నిరోధకం అందుబాటులో లేదు, సైరన్ మోగలేదు. అలాంటి చోట నియమాలే ప్రాణాధారం, వాటిని తేలిక చేసి మాట్లాడటం తప్పు. నా అభ్యంతరమల్లా, నియమాల కంటే ముందు అడగాల్సిన ప్రశ్నను ఆ నియమాలే కప్పేయడం మీద. ఈ పదార్థం ఇక్కడ, ఇంత మొత్తంలో ఉండి తీరాలా అన్నది ముందు తేలాలి. బదులు ఉన్నచోట జాగ్రత్తల జాబితా ఎంత పొడవైనా అది వాయిదా కాగితమే. లేనిచోట ఆ జాబితాలో ఒక్క అక్షరం వదలడానికీ ఎవరికీ హక్కు లేదు.

మన దేశంలో తెల్ల భాస్వరం పుల్లల దిగుమతిని, తయారీని, అమ్మకాన్ని నిషేధించే చట్టం 1913లో వచ్చింది. అప్పటికి బజారు ఎక్కువగా దిగుమతి పెట్టెలదే. శివకాశి నుంచి కలకత్తాకు పని నేర్చుకోవడానికి వెళ్లిన అయ్య నాడార్, షణ్ముగ నాడార్ ఊరికి తిరిగి వచ్చి అగ్గిపెట్టెల పరిశ్రమ మొదలుపెట్టింది 1923లో, అంటే చట్టం వచ్చిన పదేళ్లకు. ఆ తర్వాత శివకాశి పరిసరాలు ఎన్నో అగ్నిప్రమాదాలు చూశాయి, పసిపిల్లల చేత పుల్లలు సర్దించాయి, ఆ రెంటి మీదా దశాబ్దాల పోరాటం నడిచింది. భాస్వరం దవడను మాత్రం అక్కడ ఏ ఇన్‌స్పెక్టరూ వెతకాల్సి రాలేదు, ఏ యజమానీ దాచాల్సి రాలేదు. ఆ పదార్థం పరిశ్రమ పుట్టకముందే చట్టం ప్రకారం బయటికి పోయింది.