కనపడని దారం

జాకెట్టు గుడ్డకి సరిపడే దారం ఎంచడంలో నాకు ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉంది. రీలు తీసుకుని, కొట్టు గుమ్మంలోకొచ్చి, ఎండలో పట్టుకు చూసి, "ఇది కాదు, ఇంకాస్త ముదురుది తియ్యి నాయనా" అని కొట్టబ్బాయిని విసిగించడం నాకు బాగా వచ్చు. అందుకే మా అక్క కొడుకు "పిన్నీ, పలాస బజారుకి వస్తావా? గాలానికి దారం కొనాలి, రంగు నువ్వే చెప్పాలి" అనగానే చెప్పులేసుకుని బయల్దేరాను.

అక్కావాళ్ళది సుమ్మాదేవి. హౌరా–చెన్నై లైనులో పలాసకీ మందస రోడ్డుకీ మధ్య చిన్న స్టేషను. పెద్ద బళ్ళు దాన్ని పలకరించకుండానే వెళ్ళిపోతాయి. తూర్పుకి పోతే కొబ్బరి, జీడి, పనస తోటల ఉద్దానం, అది దాటితే సముద్రం. సెలవులకి వచ్చిన మగపిల్లలకి అక్కడ చేపలు పట్టడం కన్నా ముఖ్యమైన పని ఏముంటుంది!

కొట్లో గోడ పొడుగునా నైలాన్ దారం చుట్టలు వేలాడుతున్నాయి. గాజులా తెల్లనిది, లేత ఆకుపచ్చ, నీలం, మెరిసే చిలకపచ్చ, ఆఖరికి ఎరుపు కూడా. సముద్రం నీలమే కదా అని నేను ఠక్కున నీలం చుట్ట మీద చెయ్యి వేశాను. కొట్టాయన నవ్వి, "ఎవరికి కనపడాలమ్మా? మీకా, చేపకా?" అన్నాడు.

ఇన్నేళ్ళుగా దారాలు కొంటున్నానా, ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు! ఏదీ కొనకుండానే ఇల్లు చేరాం.

మర్నాడు చేపల గంపతో వచ్చిన మామ్మని కూచోబెట్టి అడిగాను. "మామ్మా, మీ కాలంలో వలకి ఏ రంగు వేసేవారు, చేపకి కనపడకుండా?"

"రంగేటమ్మా! నూలు వలలు అవి. తుమ్మ సెక్కా, సింతపిక్కల తొక్కూ కాగులో ఏసి ఉడకబెట్టీవోళ్ళం. ఆ నీళ్ళల్లో వల ముంచి ఎండేత్తే ఎర్రగా కాసు రంగొచ్చీది. రోజులు తప్పకుండా ఎయ్యాల, నేకపోతే కుళ్ళిపోద్ది."

"అయితే చేప కోసం కాదా?"

"సేప కోసం కాదమ్మా, వల కోసం!"

ఆ ఒక్క మాటతో నాకు సగం చరిత్ర తెలిసిపోయింది. నూలూ జనుమూ నీళ్ళలో నానితే సూక్ష్మజీవులు తినేస్తాయి. చెట్ల బెరడులో ఉండే వగరు పదార్థం దారానికి పడితే అంత తొందరగా కుళ్ళదు. తోలు ఊనేవాళ్ళు తంగేడు చెక్క వాడేదీ ఇందుకే. రంగన్నది దాని వెంట వచ్చిన కొసరు. ఒక్క మన తీరంలోనే కాదు, ప్రపంచమంతా ఇదే పద్ధతి. మనం తాంబూలంలో వేసుకునే కాచు ఉంది చూశారూ, చండ్ర చెట్టు చేవని ఉడికించి తీసేది, దాని గుణం గురించి 1803లో హంఫ్రీ డేవీ అనే ఆంగ్ల శాస్త్రవేత్త ప్రయోగాలు చేశాడు. తర్వాత బర్మా నుంచీ మన దేశం నుంచీ కాచు ఓడలెక్కి ఇంగ్లండు పోయింది. అక్కడి జాలర్ల వలలూ తెరచాపలూ ఎర్రటి మట్టి రంగులో ఉండేవంటే, మన నోరు పండించే కాచు చేసిన పనే అది. గోధుమ రంగు వల బురదనీళ్ళలో కాస్త కలిసిపోయేది కూడా. అది జాలరికి అదృష్టం కొద్దీ దక్కిన లాభం.

మరి, చేపకి కనపడకూడదన్న పట్టుదల ఎవరిది? ఎక్కువగా గాలం వేసేవాళ్ళది. వలకి ఒక్క చేప తప్పినా ఇంకో పది పడతాయి. గాలానికి ఆ ఒక్క చేపే దిక్కు! పూర్వం ఐరోపాలో గాలం కొసకి కట్టే దారం పట్టుపురుగు కడుపులోంచి వచ్చేది. పురుగు గూడు కట్టబోయే సమయానికి దాన్ని వెనిగర్లో ఊరబెట్టి, పట్టుగ్రంథిని బయటికి తీసి, రెండు చేతులా సాగదీసి ఆరబెట్టేవారు. స్పెయిన్ దేశంలో ముర్సియా ఆ పరిశ్రమకి పేరుపడ్డ ఊరు. మనం పట్టుచీర కోసం పురుగుని ఉడకబెడుతున్నామని బాధపడతామే, చేప కోసం కూడా పాపం దానికే కష్టం! అలా వచ్చిన దారం మెరుస్తుందని దొరలు దాన్ని టీ నీళ్ళలో, కాఫీలో, సిరాలో ముంచి రంగు దించేవారట. ఆ సరదా ఇక్కడికీ వచ్చింది. హెన్రీ సల్లివాన్ థామస్ అనే మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి 1873లో మంగుళూరులో 'ది రాడ్ ఇన్ ఇండియా' అని గాలం వేట మీద ఏకంగా పుస్తకమే అచ్చువేశాడు.

ఇంతకీ చేపకి రంగులు తెలుస్తాయా? దీని మీద జర్మనీలో పెద్ద తగువే జరిగింది. మ్యూనిక్ కంటి ఆస్పత్రి పెద్ద ప్రొఫెసర్ కార్ల్ ఫాన్ హెస్ చేపలకి రంగులు తెలియవని గట్టిగా వాదించాడు. అప్పటికి కుర్రవాడైన కార్ల్ ఫాన్ ఫ్రిష్ ఒప్పుకోలేదు. 1910 తర్వాత కొన్నేళ్ళపాటు చిన్న చేపల్ని పెంచి, ఒక రంగు కాగితం దగ్గరే తిండి పెట్టి అలవాటు చేశాడు. తర్వాత తిండి లేకుండా, ఆ రంగు కాగితాన్ని రకరకాల బూడిదరంగు కాగితాల మధ్య పెట్టాడు. చేపలు తిన్నగా తమ రంగు దగ్గరికే పోయాయి. తేనెటీగల మీద ఆయన చేసిన పరిశోధనకి 1973లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. రంగు చూసే శక్తి అన్ని చేపలకీ ఒకలా ఉండదు కానీ, పైపై నీళ్ళలో తిరిగే చాలా చేపలకి రంగులు తెలుస్తాయి.

అయితే మనం చూసే రంగూ, నీళ్ళలో చేప చూసే రంగూ ఒకటి కాదు. కొట్లో ట్యూబులైటు కింద వంకాయరంగు అనుకుని కొన్న చీర ఇంటికొచ్చి చూస్తే నేరేడుపండు రంగు అవుతుందే, అలాగన్నమాట. నీళ్ళు కూడా ఓ దీపం లాంటివే. తేటనీళ్ళలో కొన్ని గజాలు దిగేసరికే ఎర్ర వెలుగు చాలామట్టుకు ఇంకిపోతుంది. ఆ తర్వాత నారింజ, ఆ వెనక పసుపు. అందరికన్నా లోతుకి పోయేది నీలం. ఒడ్డు దగ్గరి నీళ్ళలో నాచూ మట్టీ కలిసి ఉంటాయి కనక అక్కడ ఆకుపచ్చదే పైచెయ్యి. వానాకాలంలో బారువ దగ్గర మహేంద్రతనయ కొత్తనీరు తెచ్చి సముద్రంలో పోస్తే ఏ రంగూ ఎంతో దూరం పోదు.

కనక ఎర్రదారం నీళ్ళలో మాయమైపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మాయమయ్యేది ఎరుపే, దారం కాదు. అది నల్లగా కనిపిస్తుంది. పైగా చేప కింద నుంచి పైకి చూస్తే ఆకాశం వెలుగుతూ ఉంటుంది. ఆ వెలుగుకి అడ్డంగా ఏ రంగు దారమైనా నల్లగీతే. ఈ లెక్క ప్రకృతికి ముందే తెలుసు. కానగంతని చూడండి, పై నుంచి చూసేవాళ్ళకి వీపు నీలి ఆకుపచ్చ, కింద నుంచి చూసేవాళ్ళకి పొట్ట వెండి. చీకటి రాత్రి సంగతి చెప్పనే అక్కర్లేదు. నీళ్ళు కదిలితే మెరిసే సూక్ష్మజీవులు సముద్రంలో ఉంటాయి. వల తగిలితే చాలు అవి మిణుకుమంటాయి. అప్పుడు జాలరి ఏ రంగు వేసినా వల తనంతట తానే దీపం పెట్టుకున్నట్టు అవుతుంది!

ఇక మన నైలాన్. 1935 ఫిబ్రవరిలో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కారథర్స్ బృందం దాన్ని తయారుచేసింది. పాపం, ఆయన 1937లోనే పోయాడు, తన దారం చేసిన హడావుడి చూడలేదు. 1938లో అది పళ్ళ బ్రష్షు కుచ్చుగా బజారుకొచ్చింది. 1940 మే 15న మేజోళ్ళుగా దేశమంతా అమ్మకానికి పెడితే ఆడవాళ్ళు దుకాణాల ముందు బారులు తీరారు. అదే సరుకు గాలానికి దారమైంది, వలకి నూలైంది. మన దేశంలో 1952లో ఒప్పందం కుదిరిన ఇండో–నార్వీజియన్ పథకం కేరళ తీరానికి నైలాన్ వలలు తెచ్చింది. 1957లో కొచ్చిలో పెట్టిన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ కొత్త దారాలని పరీక్షించి వాటి వాడకం పెంచింది. కుళ్ళదు, సన్నం, బరువు తక్కువ, చేప ఎక్కువ. కాగులతో పని లేకపోయింది. ఇప్పుడు రంగు మొదటిసారిగా చేప కోసమే అయింది. ఆకుపచ్చ, నీలం, చివరికి అసలు రంగే లేని ఒంటిపోగు దారం. 1971లో జపానులో కురేహా కంపెనీ ఫ్లోరోకార్బన్ దారం తీసింది. దాని కిటుకు రంగులో లేదు, వెలుగుని వంచడంలో ఉంది. వెలుగు వంపుకి శాస్త్రజ్ఞులు కట్టే లెక్కలో నీళ్ళకి 1.33, నైలాన్‌కి 1.53 అయితే, దీనికి 1.42. అంటే నీళ్ళకి ఇంకా దగ్గర. గ్లాసులో నీళ్ళూ అందులో గాజుముక్కా అన్నట్టు.

తుమ్మచెక్క దగ్గర మొదలుపెట్టి ఆఖరికి మనిషి కనపడని దారం సాధించాడు. మామ్మకి ఇదంతా చెబితే ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆవిడ తల ఊపి, "మా అమ్మ జనుం దారం పేనీది. నానూ పేనినాను. ఇప్పుడు వల కొట్లో దొరుకుద్ది. మాకు గంప ఒకటే మిగిలింది" అంది.

నిజమే. నూలు వడకడం, వల అల్లడం, చిరుగులు కట్టడం చాలా తీరాల్లో ఆడవాళ్ళకి నాలుగు డబ్బులు తెచ్చిన పని. దక్షిణ కేరళలో, కన్యాకుమారి వైపు 1970ల నుంచీ మిషను వలలు వచ్చి వేలమంది ఆడవాళ్ళ చేతిలో పని పోయింది. కొత్త దారం చేపకే కాదు, పేనిన చేతుల్ని కూడా కనపడకుండా చేసింది.

ఇంకో సంగతి. కుళ్ళదని మురిసిన గుణమే తర్వాత ముప్పయింది. నూలు వల సముద్రంలో తెగిపోతే కొన్నాళ్ళకి అదే పోయేది. నైలాన్ వల పోదు. ఎవరూ లాగకపోయినా ఏళ్ళ తరబడి పడుతూనే ఉంటుంది. చలికాలం చివర ఈ శ్రీకాకుళం తీరానికి గుడ్లు పెట్టడానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వస్తాయి. అవి మనలాగే గాలి పీల్చే జీవాలు. వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చచ్చిపోతాయి. చేపకి కనపడని దారం గర్భంతో ఈదుతున్న ఆ తల్లికి మాత్రం కనపడుతుందా? మహాసముద్రాల్లో మైళ్ళ పొడవు కొట్టుకుపోయే వలలు ఇలాగే పక్షుల్నీ డాల్ఫిన్లనీ చంపుతున్నాయని, 1992 చివరికల్లా వాటిని ఆపాలని ఐక్యరాజ్యసమితి 1991లో తీర్మానం చేసింది. ఒడ్డున మనం పారేసే మూరెడు ముక్క గురించి ఏ తీర్మానమూ లేదు.

"పాత వల ఏం చేసేవారు మామ్మా?" అని అడిగాను చివరికి.

"ఏటి సేత్తాం? సిరిగిపోతే కొబ్బరిసెట్టు మొదట్లో ఏసీవోళ్ళం. మట్టైపోయీది."

సాయంత్రం మళ్ళీ పలాస వెళ్ళాం. ఒడ్డు నీళ్ళే కదా అని లేత ఆకుపచ్చ చుట్ట తీయించాను. కొట్టాయన "చేపకి కనపడదమ్మా, మంచిది" అన్నాడు. చుట్ట మావాడి చేతికిస్తూ ఒక్క షరతు పెట్టాను. చిన్నప్పుడు మా అమ్మ దువ్వెనలో వెంట్రుకలు నేల మీద పడనిచ్చేది కాదు. వేలికి చుట్టి తీసెయ్యమనేది. అలాగే తెగిన ముక్క ఒక్కటి కూడా ఇసకలో వదలకుండా వేలికి చుట్టి ఇంటికి తేవాలి అన్నాను.

వాడు రెండు రోజులు సముద్రం ఒడ్డున గడిపాడు. చేపలు ఎన్ని పడ్డాయో చెప్పను, వాడి పరువు పోతుంది. చొక్కా జేబులోంచి మాత్రం ఆకుపచ్చ దారం ఉండ ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. దీపం కింద పట్టుకు చూశాను. మనకి చక్కగా కనపడుతోంది.